పదిహేను వాట్ల ఎర్ర బల్బు

మా బావ జీవితంలో ఒక్క చెడ్డ ఫోటో కూడా తీయలేదు. తీయించుకున్నవాళ్ళ ముఖాలే బాగుండేవి కావు. ఇది నా మాట కాదు, ఆయనదే. స్టూడియో తెరిచిన నలభై ఏళ్ళలో ఎవరైనా ఫోటో అందుకుని మొహం చిట్లిస్తే, అప్పుడూ ఇలాగే చిట్లించారు కాబట్టే అలా వచ్చిందని తేల్చేసేవాడు. కళ్ళు మూతపడ్డ పెళ్ళికూతురికి ముందురోజు నిద్ర చాలలేదన్నాడు. ఒక కుటుంబం ఫోటో మొత్తం మసకగా వస్తే, ఆ ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ పడదని, అందుకే ఒకచోట నిలకడగా నిలబడలేకపోయారని చెప్పాడు. వాళ్ళింట్లో నిజంగానే ఎవరికీ పడదు, అది వేరే సంగతి.

స్టూడియో మందుల షాపుకీ, తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో నీలం తెర, గుండ్రటి స్టూలు, గొడుగులు తగిలించిన రెండు లైట్లు, దువ్వెనను ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టేసిన అద్దం. వెనకాల డార్క్‌రూము. దాని వెనక కాపురం ఉండే రెండు గదులు. గడ్డం కొంచెం పైకి, కదలొద్దు, అన్న రెండు ముక్కలతోనే ఆయన వ్యాపారమంతా నడిచింది. వీధిలో పిల్లలు ఆయన్ను కదలొద్దు మావయ్య అనేవారు. పెద్దవాళ్ళు చాటున కదలొద్దు గారు అనేవారు. మా అక్క కోపం వచ్చినప్పుడు ఎదురుగానే అనేది.

ఫోన్లలో కెమెరాలొచ్చి స్టూడియో ఈగలు తోలుకునే స్థితికి వచ్చాక, డార్క్‌రూము ఖాళీ చేసి జెరాక్సు మిషను పెట్టించమని అక్క పదిహేనేళ్ళు పోరింది. ఆయన వినలేదు. ఫిల్ము మళ్ళీ వస్తుందన్నాడు. ఎవరేం చెప్పబోయినా ఆయన దగ్గర తిరుగులేని మాట ఒకటుంది, "వెలుగు గురించి నాకు చెప్పొద్దు." కరెంటు మేస్త్రీకీ అదే, కళ్ళ డాక్టరుకీ అదే, ఎండలో తిరగొద్దన్న అక్కకీ అదే.

నేను ఆయన బావమరిదిని. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల సెక్షన్లో పనిచేస్తాను. ప్రమాదం ఎవరి తప్పు వల్ల జరిగిందో తేల్చడం, అంటే మా కంపెనీకి సంబంధం లేదని తేల్చడం, నా ఉద్యోగం. కాబట్టి తప్పు ఒప్పుకోకపోవడం గురించి నాకూ కాస్త తెలుసు. కానీ నేను ఆఫీసు టైములోనే చేస్తాను. మా బావకు సెలవులు లేవు.

రోగం విషయంలోనూ అంతే. ఆరు నెలలు కడుపులో నొప్పి వీపులోకి పొడుస్తుంటే కుర్చీని తిట్టాడు. బట్టలు వదులైతే దర్జీని తిట్టాడు. ఒకరోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా కనిపించాయి. ట్యూబులైటు పాడైందని కొత్తది తెచ్చి వేశాడు. కొత్త ట్యూబులైటు కింద ఇంకా పచ్చగా కనిపించాడు. అప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

కడుపు వెనకాల క్లోమమని ఒక గ్రంథి ఉంటుంది. అక్కడ గడ్డ. అప్పటికే పక్కకి పాకింది, కోసి తీసే దశ దాటిపోయింది. కీమో ఆరు విడతలు ఇచ్చారు. జుట్టు పోయింది, రుచి పోయింది, గడ్డ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ మాట వాళ్ళు అనరు లెండి, వేరే మార్గాలు పరిశీలిద్దాం అంటారు. ఆ వేరే మార్గం పెద్దాసుపత్రి వెనక బ్లాకులో, మూడో అంతస్తులో ఉంది. కొత్త మందు మనుషుల మీద పనిచేస్తుందో లేదో చూస్తున్నారక్కడ.

అక్కడి డాక్టరమ్మ చిన్నది, చురుకైనది. మాకు అర్థమయ్యేలా చెప్పాలని పాపం రెండుసార్లు మొదటినుంచీ చెప్పింది. మందును నరంలోకి ఎక్కిస్తారు. అది ఒళ్ళంతా తిరిగి గడ్డను వెతుక్కుని అంటుకుంటుంది, అంటుకుని ఊరికే ఉంటుంది. మర్నాడు మత్తిచ్చి, గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, గడ్డ దాకా వెలుగు పంపిస్తారు. వెలుగు తగలగానే మందు నిద్రలేచి గడ్డలోని కణాలను పేల్చేస్తుంది. ఇన్నాళ్ళూ గడ్డను ఇంటి మనిషే అనుకుని ఊరుకున్న ఒంటి కాపలావాళ్ళు, ఆ పగిలిన ముక్కలు చూసి దొంగను గుర్తుపట్టి మిగిలినదాని మీద పడతారు. అదీ ఆశ. నాలుగు వారాల ఎడంతో రెండు విడతలు. మొదటిది తలుపు తీయడమైతే రెండోది లోపలికి వెళ్ళడమని, రెండూ పడితేనే ఫలితమని ఆవిడ నొక్కి చెప్పింది.

వెలుగు అన్న మాట వినగానే మా బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి డాక్టర్లు దారిలోకి వచ్చారన్నట్టు నా వంక చూశాడు. సంతకం పెట్టమని ఇరవై రెండు పేజీల కాగితాలిస్తే, వాటి అట్ట మీది ఆసుపత్రి ఫోటోలో నీడలు సరిగా పడలేదని ముందు దాన్ని తప్పుపట్టి, ఆ తర్వాత ప్రతి పేజీ కిందా సంతకం చేశాడు.

అదే వరండాలో లెక్కల టీచరు పరిచయమైంది. ఆవిడకీ అదే రోగం, అదే దశ. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. నోరు మాత్రం రిటైరవలేదు. నర్సు రాసుకున్న మందు కొలత తప్పని అక్కడికక్కడే దిద్దింది. ఫ్యాను మా బావ మూడులో పెడితే లేచి ఐదులో పెట్టేది, ఆవిడ కూర్చోగానే ఈయన లేచి మూడులో పెట్టేవాడు. స్టూడియోలు ఇంకా ఉన్నాయా అని అడిగిందోసారి. ఆ రోజు మా బావ అన్నం తినలేదు.

ఈ మందు అందరికీ ఒకేసారి ఇవ్వరు. ఒకరికి ఇచ్చి, కొన్ని రోజులు ఆగి, వాళ్ళకు ఏ ప్రమాదమూ లేదని చూశాకే తర్వాతి మనిషికి ఇస్తారు. మా బావది నాలుగో నంబరు. టీచరుది ఐదు. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ మా బావ దగ్గరికొచ్చి కూర్చుంది.

"మీరు క్షేమంగా ఉండాలండీ," అంది. "మీ కోసం కాదు. మీ వెనక నేనున్నాను."

మా బావకు మందు ఎక్కించారు. మర్నాడు వెలుగూ వేశారు. అంతా సవ్యంగా జరిగింది. తన లోపల వెలిగిన లైటును తను చూడలేకపోయానన్న ఒక్కటే మా బావ బాధ. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితమిచ్చారు. నాలుగు వారాలు మసక వెలుతురులోనే ఉండాలి, ఎండ తగలకూడదు, కిటికీలకు మందపాటి తెరలు వెయ్యాలి, గదిలో బల్బు నలభై వాట్లకు మించకూడదు. ఒంట్లో మిగిలిన మందు చర్మంలో కూడా ఉంటుంది కాబట్టి గట్టి వెలుగు తగిలితే కాలుతుంది. మా బావ ఆ కాగితం చదివి పకపకా నవ్వాడు. పాపం, డార్క్‌రూము అన్న ఒక్క ముక్క తెలియక ఇంత పొడుగు రాశారన్నాడు.

ఫోటో కడిగే గదిలో ఎర్ర బల్బు పెడతారని పాతకాలం వాళ్ళకు తెలుసు. ఫోటో పేపరుకు ఏ వెలుగు తగిలినా నల్లబడిపోతుంది, ఎరుపు తగిలితే ఏమీ కాదు. ఆ గదిలో ఆయన నలభై ఏళ్ళు ఆ వెలుగులోనే బతికాడు. అందుకని పడగ్గది వద్దన్నాడు. డార్క్‌రూములో మడత మంచం వేయించి, డబ్బాలోంచి పదిహేను వాట్ల ఎర్ర బల్బు బయటికి తీశాడు.

అక్కకు ఎందుకో అనుమానం వచ్చింది. డాక్టరమ్మకు ఒక ఫోను చేసి అడుగుదామంది. మా బావ అంతెత్తున లేచాడు. వాళ్ళు నలభై దాకా ఉండొచ్చన్నారు, తను పదిహేనే పెడుతున్నాడు. ఫోటో పేపరంత సుకుమారమైనది లోకంలో లేదు, దాన్నే ఏమీ చెయ్యని వెలుగు మనిషినేం చేస్తుంది? అక్క నా వంక చూసింది. నాకూ సబబుగానే తోచింది. ఆ బల్బును హోల్డరులో బిగించింది నేనే. చదువుకోవడానికి వీలుగా కుర్చీకి జానెడు ఎత్తులో, స్టాండుకు తీగతో కట్టిందీ నేనే.

రెండు రోజులు ఆయన ఆ కుర్చీలో మహారాజులా కూర్చున్నాడు. గది ఉక్కగా ఉందని చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, పాత నెగెటివులు సంవత్సరాలవారీగా సర్దుకున్నాడు. చేతులు చురచురమంటుంటే నెగెటివుల దుమ్మని తిట్టుకున్నాడు. ఇంకో చిక్కుంది. ఎర్ర వెలుగులో ఎరుపు కనపడదు. తెల్ల కాగితమూ, ఎర్ర కాగితమూ ఒకేలా ఉంటాయి. ఆయన రెండు చేతులూ, నుదురూ, బట్టతలా కందిపోతున్నా ఆ గదిలో చూసినవాళ్ళకి తెల్లగానే కనిపించాయి. రెండో రోజు మధ్యాహ్నం అక్క పళ్ళరసం ఇవ్వడానికి తలుపు కాస్త తీసింది. గ్లాసు అందుకోవడానికి ఆయన చెయ్యి ఆ సందులోంచి పగటి వెలుగులోకి చాపాడు. అక్క గ్లాసు వదిలేసింది.

దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చేతుల మీద బొబ్బలు లేచాయి. డాక్టరమ్మ ఇంట్లో ఏ బల్బు వాడారని అడిగింది. మా బావ ఆ నొప్పిలో కూడా కాస్త గర్వంగానే చెప్పాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఈ మందును లేపే వెలుగు ఎరుపే. ఆయన గొంతులోంచి దింపి వేసిందీ ఎర్ర లైటే. ఆకుపచ్చదో నీలమో అయితే అంత హాని ఉండేది కాదు. అన్ని రంగుల్లోనూ ఆ మందు ఎదురుచూసే రంగు కిందే ఆయన రెండు రోజులు చేతులు చాపుకుని కూర్చున్నాడు.

కాగితంలో ఆ ముక్క ఎందుకు రాయలేదని నేను ఒంటికాలి మీద లేచాను. ఇంట్లో ఎర్ర బల్బు పెట్టుకునేవాళ్ళు ఉంటారని ఎవరికీ తట్టలేదంది. ఇరవై రెండు పేజీలు నేను మళ్ళీ తిరగేశాను. మందు వేసుకున్న మనిషి గర్భవతి అయితే ఏం చెయ్యాలో రెండు పేజీలుంది. మా బావకు అరవై ఆరేళ్ళు. ఎరుపు అన్న మాట ఎక్కడా లేదు.

బొబ్బలు పది రోజుల్లో తగ్గుముఖం పట్టాయి. అప్పుడే స్కానింగు తీశారు. నలభై నాలుగు మిల్లీమీటర్ల గడ్డ ముప్పై ఆరుకు వచ్చింది. ఏడాదిగా పెరగడమే తప్ప తరగడం తెలియని గడ్డ అది. అక్క ఆ రిపోర్టు పట్టుకుని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి ఊరికే నడిచింది. రెండో విడత పడితే, అన్నాను నేను. అవును, రెండోది పడితే, అంది తను.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఒక ఫారం పట్టుకుని ఆసుపత్రి గదిలోకి వచ్చింది. కాలిన సంగతి పైవాళ్ళకు రాసి పంపాలి. ఫారంలో రెండు గడులున్నాయి. రోగి సూచనలన్నీ పాటించినా ప్రమాదం జరిగింది, అన్నది ఒకటి. రోగి సూచనలు పాటించనందువల్ల జరిగింది, అన్నది రెండోది. మొదటి దానికి టిక్కు పెడితే నేరం మందుది. కమిటీ కూర్చుని చూసేదాకా ఎవరికీ ఆ మందు ఇవ్వరు. కమిటీ కూర్చోవడానికి ఆరు వారాలు పడుతుంది, ఆ తర్వాత మా బావకు రెండో విడత ఇస్తారు. రెండో దానికి టిక్కు పెడితే మందుకు ఏ మచ్చా లేదు, పని ఆగదు. గురువారం ఐదో నంబరుకు ఇస్తారు. కానీ సూచనలు పాటించని మనిషికి మళ్ళీ మందు ఇవ్వకూడదని నియమం.

డాక్టరమ్మ కలం పట్టుకుని నిలబడింది. తనకు అభిప్రాయమేమీ లేనట్టు ముఖం పెట్టింది కానీ, అద్దాలు మాత్రం అదేపనిగా తుడుచుకుంది.

నాకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కాగితంలో లేనిది తప్పు కాదు, నా ఉద్యోగం నిలబడిందే ఆ ఒక్క మాట మీద. నలభై మించకూడదన్నారు, ఈయన పదిహేను పెట్టాడు. మొదటి గడి కొట్టొచ్చినట్టు కనపడుతోంటే ఆలోచించడానికేముందన్నాను. ఇందులో నేను ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు, నా సర్వీసులోనే అది అరుదు. కావాలంటే బల్బు బిగించింది నేనేనని రాసుకోమన్నాను. ఆ ఫారంలో బావమరిదికి గడి లేదు.

మా బావ నా వంక చూడలేదు. ఐదో నంబరు ఆవిడ ఆరు వారాలు ఆగగలదా అని డాక్టరమ్మను అడిగాడు. ఇంకొక రోగి సంగతి మీకు చెప్పకూడదండీ, అందావిడ. ఆగగలదనుకుంటే ఆ మాట చెప్పడానికి అడ్డేముంది? గదిలో ఉన్న నలుగురికీ అర్థమైంది. బయట వరండాలో ఫ్యాను ఎవరు తగ్గించారని టీచరు ఎవరినో నిలదీస్తోంది.

"రెండోదే పెట్టండి," అన్నాడు మా బావ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మసకబారిన ఫోటోకి కూడా తప్పు ఒప్పుకోని మనిషి. కొత్త ట్యూబులైటు కింద పచ్చగా నిలబడి ట్యూబులైటును తిట్టిన మనిషి. ఇన్నేళ్ళలో మొదటిసారి న్యాయం పూర్తిగా ఆయన పక్షాన నిలబడితే, వద్దంటున్నాడు. నువ్వు కాగితం దాటలేదు బావా అని అరిచాను.

"దాటలేదోయ్. మీ అక్క ఫోను చేసి అడుగుదామంది కదా. అడగనివ్వలేదు నేను. అది ఏ గడిలో రాస్తావు నువ్వు?"

అక్క అప్పటిదాకా కిటికీ తెర పట్టుకుని నిలబడింది. అడగనివ్వలేదన్న మాటకు తను మురిసిపోతుందని మా బావ అనుకున్నాడో ఏమో. అక్క మంచం దగ్గరికి వచ్చింది.

"నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క తప్పు ఒప్పుకోలేదు మీరు," అంది. "ఒప్పుకోవడానికి ఇదే దొరికిందా?"

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. ఆరు వారాలు ఆ వరండాలో ఆ టీచరు నోరు భరించడం తన వల్ల కాదని, ముందు ఆవిణ్ణి లోపలికి పంపించెయ్యమని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అక్క కట్టుకట్టిన ఆయన చేతిని నొప్పి పుట్టకుండా తన రెండు చేతుల్లోకి తీసుకుంది. టిక్కు పెట్టొద్దని మాత్రం ఇక అనలేదు. ఆ క్షణంలో నాకు మా బావ మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా లేదు, ఉన్నంత ప్రేమా లేదు.

డాక్టరమ్మ టిక్కు పెట్టింది. కింద ఖాళీలో, ఎరుపు గురించి ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో చెప్పలేదని తన చేత్తో రాసి సంతకం చేసింది. నియమాలు చదివేవాళ్ళు టిక్కు ఒక్కటే చూశారు. గురువారం టీచరుకు మందు ఎక్కింది. రోగులకిచ్చే కాగితంలో కొత్తగా పన్నెండో సూచన చేరింది, ఎర్ర రంగు బల్బులు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదని, లావు అక్షరాల్లో.

రెండు నెలలు గడిచేసరికి మా బావ గడ్డ పాత కొలతకు వచ్చి, దాన్ని దాటింది. ఆయన మంచం స్టూడియో ముందు గదిలోకి మార్చాం. తెరవని షట్టరు వెనక, నీలం తెర పక్కన పడుకుని, వీధిలో పోయేవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ ఎవరెవరో చెప్పేవాడు. సగం తప్పు చెప్పేవాడు. తప్పని నేనంటే నా చెవులే సరిగా లేవనేవాడు.

ఒకరోజు ఎండ దిగాక లెక్కల టీచరు వచ్చింది. చేతులకు తొడుగులు, తల చుట్టూ గుడ్డ, పైన నల్ల గొడుగు. రెండో విడత పడి మూడు వారాలైందట. గడ్డ ఎంత తగ్గిందో రెండు దశాంశ స్థానాల దాకా చెప్పింది. మనిషి కాస్త కండపట్టింది. మా బావను చూసి ముందు తడబడింది, వెంటనే మాటల్లో పడిపోయింది. ఫ్యాను కోసం పోట్లాడటానికి ఎవరూ లేక వరండాలో తోచడం లేదంది. తర్వాత కొత్త కాగితం తీసి పన్నెండో సూచన చూపించింది.

"ఎవరో తెలివితక్కువ మనిషి ఇంట్లో ఎర్ర బల్బు పెట్టుకున్నాడట. దాంతో మాకు ఆంక్షలన్నీ రెట్టింపు చేశారు. స్విచ్చుబోర్డు మీద ఎర్రగా వెలిగే చుక్కకి కూడా నేను ప్లాస్టరు అంటించుకోవాల్సి వచ్చింది. అంత బుద్ధి లేకుండా ఎలా ఉంటారండీ మనుషులు?"

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను నోరు తెరవబోయాను. మా బావ తల అటూ ఇటూ ఊపాడు.

"ఉంటారండీ అలాంటివాళ్ళు," అన్నాడు. "ఒకరి మాట వినరు."

ఆవిడ అవునంటూ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మీ రెండో విడత ఎప్పుడు వేశారు, నాకు కనపడనే లేదేమిటని అడిగింది.

"నాకు ఒకటి చాలన్నారు."

టీచరు తొడుగుల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన వంక చూసింది. ఆ చూపులో కాస్త అసూయ కూడా ఉంది.

"అదృష్టవంతులండీ మీరు," అంది. మా బావ అవునన్నాడు.